జొన్న ఆకు: బెట్టను తట్టుకునే నిర్మాణం

ఇంతకు ముందు భాగాల్లో మీరు కణజాలాలను ఒక్కొక్కటిగా చదివారు. విభాజ్య కణజాలం, మృదు కణజాలం, దృఢ కణజాలం, దారువు, పోషక కణజాలం – వీటి నిర్వచనాలనూ పటాలనూ గుర్తుంచుకోవడం పెద్ద కష్టం కాదు. కాని మొక్కలో ఏ కణజాలమూ ఒంటరిగా పనిచేయదు. పక్కనున్న కణజాలం ఏం చేస్తుందో తెలియకపోతే దీని పని కూడా సగమే అర్థమవుతుంది. అందువల్ల ఈ భాగంలో ఒకే ఒక అవయవాన్ని తీసుకుని, పై నుంచి లోపలికి పొరపొరగా పరిశీలిద్దాం. ఆ అవయవం జొన్న ఆకు.

జొన్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ పైరు పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. వేల ఏళ్ల కిందటే మన దేశానికి వచ్చి, వాననే నమ్ముకున్న తెలంగాణ, రాయలసీమ మెట్ట నేలల్లో స్థిరపడింది. వాన వెనకబడితే వరి ఎండిపోతుంది, మొక్కజొన్న కంకి వేయలేకపోతుంది. జొన్న మాత్రం కొంతకాలం పెరుగుదల ఆపి, వాన పడగానే మళ్లీ అందుకుంటుంది. ఇందులో వేర్ల పాత్ర చాలా పెద్దది. దానిని వేరు అంతర్నిర్మాణం పాఠంలో చదువుతారు. ఇక్కడ ఆకు వరకే పరిమితమవుదాం.

ఆకలికీ దాహానికీ ఒకే ద్వారం

ఆకు ఆహారం తయారుచేసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. గాలిలో అది సుమారు 0.04 శాతమే. ఆ కొద్దిపాటి వాయువు లోపలికి రావాలంటే ఆకు తన తడి కణాలకు గాలి తగలనివ్వాలి. గాలి తగిలిన చోట నీరు ఆవిరవుతుంది. ఆకు లోపలి గాలి గదుల్లో నీటి ఆవిరి దాదాపు నిండుగా ఉంటుంది. ఎండపూట బయటి గాలి పొడిగా ఉంటుంది. అందుచేత లోపలికి వచ్చే దానికన్నా బయటికి పోయేది ఎన్నో రెట్లు ఎక్కువ. వరి, గోధుమ వంటి మొక్కలు ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును స్థాపించే లోగా సుమారు 400 నుంచి 500 నీటి అణువులను కోల్పోతాయి. వేర్లు పీల్చిన నీటిలో నూటికి 95 వంతులకు పైగా ఇలా బాష్పోత్సేకంలోనే ఖర్చవుతుంది. దీనిని శ్రద్ధగా కొలిచిన తొలి శాస్త్రజ్ఞుల్లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ ఒకరు. కుండీలో పెంచిన పొద్దుతిరుగుడు మొక్కను తూచి, అది వదిలే నీటిని లెక్కగట్టి, ఆ వివరాలను 1727లో ప్రచురించాడు.

జంతువుకు దాహం వేస్తే నీళ్లున్న చోటికి నడిచి వెళుతుంది. మొక్క మొలిచిన చోటే ఉండాలి. కాబట్టి దాని చిక్కుకు పరిష్కారం దాని నిర్మాణంలోనే ఉండాలి. జవాబు పత్రాల్లో చాలామంది “బాష్పోత్సేకాన్ని తగ్గించుకోవడం కోసం అవభాసిని మందంగా ఉంటుంది, పత్రరంధ్రాలు తక్కువగా ఉంటాయి” అని రాసి ఆపేస్తారు. తప్పు కాదు కాని, అసలు విషయం అందులో లేదు. నీరు పోకుండా చేయడం మాత్రమే కావాలంటే ఆకు మొత్తానికి మైనం పూస్తే సరిపోతుంది. ఆకలితో చావకుండా దాహం తగ్గించుకోవడమే కష్టం. కనుక ఇకమీదట ప్రతి పొర దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది మొక్కకు ఏమిస్తుంది? అందుకు మొక్క ఏం చెల్లిస్తుంది?

బాహ్యచర్మం, పత్రరంధ్రాలు

జొన్న ఆకుకు పైనా కిందా ఒక్కొక్క వరస బాహ్యచర్మ కణాలుంటాయి. వాటి మధ్య సందులుండవు. వాటి బయటి గోడల మీద క్యూటిన్‌తో తయారైన అవభాసిని, దానిపైన మైనం ఉంటాయి. పొట్ట దశకు దగ్గరపడిన జొన్న మొక్కలో ఆకుతొడుగును వేలితో రుద్ది చూడండి, తెల్లని పొడి అంటుకుంటుంది. అది దుమ్ము కాదు, బాహ్యచర్మ కణాలు బయటికి స్రవించిన మైనం. ఈ మైనపు పూత లేని జొన్న రకాలను పరిశోధకులు పరీక్షించినప్పుడు అవి ఎక్కువ నీటిని కోల్పోతున్నట్లు తేలింది. తెల్లని పూత కొంత ఎండను వెనక్కి తిప్పికొడుతుంది కూడా. బాహ్యచర్మంలో అక్కడక్కడ సిలికా నిండిన పొట్టి కణాలుంటాయి. ఆకు అంచు చేతిని కోసేటంత గరుకుగా ఉండడానికి గడ్డిజాతుల్లో ఇదొక కారణం.

మైనం అడ్డుకున్న దారిని పత్రరంధ్రాలు తెరుస్తాయి. మామిడి ఆకులో ఇవి అడుగు వైపే ఉంటాయి. జొన్న ఆకు నిటారుగా లేచి వంగుతుంది, రెండు వైపులకూ వెలుతురు తగులుతుంది, పత్రరంధ్రాలు కూడా రెండు వైపులా ఉంటాయి. ద్విదళబీజ మొక్కల్లో రక్షక కణాలు చిక్కుడు గింజ ఆకారంలో ఉంటే, గడ్డిజాతుల్లో డంబెల్ ఆకారంలో ఉంటాయి: రెండు చివరలూ ఉబ్బి, నడుమ సన్నగా, మందపాటి గోడతో. పొటాషియం అయానులు రక్షక కణాల్లోకి చేరితే వాటి వెంట నీరు చేరుతుంది, చివరలు ఉబ్బుతాయి, నడిమి భాగాలు ఒకదానికొకటి దూరంగా జరిగి రంధ్రం తెరుచుకుంటుంది. పక్కనే ఉన్న సహాయక కణాలు ఈ అయానులను ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి గడ్డిజాతి పత్రరంధ్రం తెరవడంలోనూ మూయడంలోనూ చురుకైనది. మబ్బు కమ్మితే కొంత మూసి, ఎండ రాగానే తెరవగలగడం వల్ల నీరు వృథా కాదు.

అన్ని పత్రరంధ్రాలూ పూర్తిగా తెరిచినా వాటి వైశాల్యం ఆకు వైశాల్యంలో సాధారణంగా 1 లేదా 2 శాతం మించదు. అయినా ఆకు నుంచి పోయే నీరు, అంతే వైశాల్యమున్న నీటి ఉపరితలం నుంచి ఆవిరయ్యే నీటిలో సగం దాకా ఉండవచ్చు. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. చిన్న రంధ్రాల గుండా జరిగే వ్యాపనం వాటి వైశాల్యాన్ని కాక వ్యాసాన్ని అనుసరించి ఉంటుందని 1900లో బ్రౌన్, ఎస్కోంబ్ చూపించారు. అంటే ఒక పెద్ద రంధ్రం కన్నా అంతే వైశాల్యాన్ని పంచుకున్న వేల చిన్న రంధ్రాలు చాలా ఎక్కువ వాయువును పోనిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ విషయంలో మొక్కకు ఇది లాభం, నీటి విషయంలో నష్టం.

నేలలో తడి తగ్గినప్పుడు మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. అది రక్షక కణాల నుంచి అయానులను బయటికి పంపించి రంధ్రాలను మూయిస్తుంది. మూసినందుకు చెల్లింపు రెండు విధాలు. ఆహారం తయారీ తగ్గుతుంది. అంతేకాక, ఆవిరయ్యే నీరు ఆకును చల్లబరిచేది. అది ఆగగానే మధ్యాహ్నపు ఎండకు ఆకు వేడెక్కుతుంది. పత్రరంధ్రాలు మూసుకోవడం ఒక్కటే చాలదనడానికి ఈ వేడే కారణం.

ఆకు చుట్టుకోవడం

ఎండపొద్దున జొన్న ఆకులు పొడవునా లోపలికి చుట్టుకుని గొట్టాల్లా కనిపిస్తాయి. పై బాహ్యచర్మంలో, ఈనెల మధ్య వరసల్లో, పక్క కణాల కన్నా చాలా పెద్దవిగా, పలుచని గోడలతో, నీటితో నిండి ఉండే కణాలున్నాయి. వీటిని బుల్లిఫార్మ్ కణాలంటారు. ఆకులో నీరు తగ్గినప్పుడు ఇవి ముందుగా ముడుచుకుంటాయి. పై ముఖం కుదించుకుపోవడంతో ఆకు లోపలికి వంగుతుంది. పుస్తకాలు ఈ ఘనతంతా బుల్లిఫార్మ్ కణాలకే కట్టబెడతాయి. నా ఉద్దేశంలో అది కొంత అతిశయోక్తి. కింది వైపున్న దృఢ కణజాలపు పట్టీలు గట్టిగా నిలబడి ఉండకపోతే ఆకు చుట్టుకోదు, నలిగిపోతుంది. ముడుచుకునే కణాలూ ముడుచుకోని కణాలూ రెండూ ఉంటేనే చుట్ట.

చుట్టుకున్న ఆకుకు ఎండ తగిలే వైశాల్యం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. గొట్టం లోపల తేమగాలి నిలిచి, పై ముఖంలోని పత్రరంధ్రాల నుంచి పోయే నీరు తగ్గుతుంది. గన్నేరు ఆకు ఇదే పనిని శాశ్వతంగా చేసిపెట్టుకుంది: దాని పత్రరంధ్రాలు అడుగు వైపు గుంటల్లో, కేశాల మధ్య దాగి ఉంటాయి. సరుగుడులో అవి పచ్చని సన్న కొమ్మల గాళ్లలో ఉంటాయి. జొన్నది తాత్కాలికమైన ఏర్పాటు. సాయంత్రానికి నీరు అందితే ఆకు మళ్లీ విప్పుకుంటుంది.

పొలంలో దీనిని చదవడం నేర్చుకోవాలి. మధ్యాహ్నం చుట్టుకుని సాయంత్రానికి విప్పుకునే ఆకు తన పని తాను చేసుకుంటున్నట్లే. తెల్లవారుజామున కూడా చుట్టుకునే ఉంటే, రాత్రంతా వేర్లు పీల్చినా లోటు తీరలేదని, అంటే నేలలో తడి నిజంగా అయిపోయిందని అర్థం. ఒకే తడికి సరిపడా నీరున్న రైతు ఆకును మధ్యాహ్నం కాక పొద్దున్నే చూడాలి.

ఈనె చుట్టూ దండ

జొన్న ఆకు అడ్డుకోతను సూక్ష్మదర్శినిలో చూస్తే, మామిడి ఆకులోలా స్తంభ మృదు కణజాలం, స్పంజి మృదు కణజాలం అనే విభజన కనిపించదు. దానికి బదులు ప్రతి నాళికాపుంజం చుట్టూ పెద్ద కణాల తొడుగు, ఆ తొడుగు చుట్టూ పత్రాంతర కణాల వలయం ఉంటాయి. పుంజపు తొడుగు కణాల్లో హరితరేణువులు దట్టంగా ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్ది చివర ఈ అమరికను వర్ణించిన హేబర్లాంట్ దీనికి దండ అనే అర్థం వచ్చే జర్మన్ పదంతో క్రాంజ్ అని పేరుపెట్టాడు. ఆకారం తెలిసింది కాని పని తెలియలేదు. 1966లో ఆస్ట్రేలియాలో చెరకు మీద పరిశోధిస్తున్న హాచ్, స్లాక్ ఈ మొక్కల్లో కార్బన్ స్థాపన మార్గాన్ని వివరించిన తరువాతే ఆ దండ ఎందుకో స్పష్టమైంది.

వరి ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఎంజైము రూబిస్కో. దానికొక బలహీనత ఉంది: కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. వేడి పెరిగినకొద్దీ, పత్రరంధ్రాలు మూసుకున్నకొద్దీ ఈ పొరపాటు పెరిగి, తయారైన దానిలో కొంత కాంతిశ్వాసక్రియలో వృథా అవుతుంది. జొన్నలో రూబిస్కో పత్రాంతరంలో ఉండదు, పుంజపు తొడుగులోనే ఉంటుంది. పత్రాంతర కణాల్లో ఆక్సిజన్ జోలికి పోని వేరే ఎంజైము కార్బన్ డయాక్సైడ్‌ను నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పుంజపు తొడుగులోకి చేరి అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. తొడుగు కణాల గోడల్లో సూబరిన్ ఉండడం వల్ల ఆ వాయువు తేలికగా తప్పించుకోలేదు. రూబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్ గాఢత ఎన్నో రెట్లు పెరుగుతుంది.

దీనివల్ల పత్రరంధ్రాలు సగం మూసి ఉన్నా ఆహార తయారీ సాగుతుంది. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు పోయే నీరు వరితో పోలిస్తే సుమారు సగమే. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో అమెరికాలో బ్రిగ్స్, షాంజ్ అనే ఇద్దరు వేర్వేరు పైర్లను కుండీల్లో పెంచి, ఒక కిలో పొడి పదార్థానికి ఎన్ని కిలోల నీరు ఖర్చవుతుందో కొలిచారు. జొన్నకు సుమారు 320, గోధుమకు 510, వరికి 700 వచ్చాయి. ఈ అంకెలు వాతావరణాన్ని బట్టి మారతాయి, కాని వరస దాదాపు మారదు.

చెల్లింపు? ప్రతి కార్బన్ డయాక్సైడ్ అణువుకూ రెండు ఏటీపీలు అదనంగా ఖర్చు. ఎండ పుష్కలంగా ఉన్న చోట ఆ ఖర్చు లెక్కలోకి రాదు. చల్లని, నీడ గల చోట్ల మాత్రం ఈ మొక్కలు తమ ఆధిక్యాన్ని కోల్పోతాయి.

నీటి గొట్టాలు, నిలబెట్టే పట్టీలు

పుంజపు తొడుగు లోపల దారువు, పోషక కణజాలం ఉంటాయి. దారునాళాలు పనిలోకి దిగేసరికే చనిపోయిన కణాలు. ఆకు నుంచి ఆవిరయ్యే నీరు కింది నీటిని పైకి లాగుతుందని 1894లో డిక్సన్, జోలీ ప్రతిపాదించారు. లాగబడుతున్న నీరు నాళపు గోడలను కూడా లోపలికి లాగుతుంది. గొట్టంతో చిక్కని పానీయం గట్టిగా పీల్చినప్పుడు గొట్టం చప్పిడి పడడం మీరు చూసే ఉంటారు. దారునాళాల గోడల్లో ఉంగరాల్లా, మెలికల్లా లిగ్నిన్ మందాలు ఉండేది అలా జరగకుండా ఉండడానికే. బెట్ట తీవ్రమైతే లాగుడు ఎక్కువై నీటి తీగ తెగి గాలి బుడగ ఏర్పడుతుంది, ఆ నాళం పనికిరాకుండా పోతుంది. పక్క గోడల్లోని గర్తాల ద్వారా నీరు చుట్టుదారిన పక్క నాళంలోకి వెళుతుంది. పోషక కణజాలం సంగతి వేరు. చాలనీ నాళాలకు కేంద్రకం ఉండదు కాని అవి సజీవం, పక్కనున్న సహకణాలు వాటిని నడిపిస్తాయి.

పుంజానికి పైనా కిందా బాహ్యచర్మం దాకా దృఢ కణజాలపు పట్టీలుంటాయి. అడ్డుకోతలో ఇవి ఇనుప దూలం ఆకారాన్ని గుర్తుకుతెస్తాయి. మీటరు దాకా పొడవుండే ఆకు గాలికి చీలకుండా నిలబడేది వీటి బలంతోనే. నడి ఈనె రంగును కూడా గమనించండి. తెల్లగా ఉంటే లోపలి మృదు కణజాలంలో గాలి నిండి ఉందని, ఆ మొక్క కాండంలో రసం తక్కువని అర్థం. మసక ఆకుపచ్చగా ఉంటే కాండం రసవంతం. ఇక గోధుమ రంగు నడి ఈనె గల జొన్న రకాల్లో లిగ్నిన్ తక్కువ. పశువుకు ఆ మేత బాగా అరుగుతుంది. అయితే లిగ్నిన్ తగ్గిన మొక్క గాలివానకు పడిపోయే ప్రమాదం ఎక్కువ. మొక్క బతుకు కోసం కట్టుకున్న గోడే పశువుకు అరగని భాగం. మేత రకాలను పెంచేవారు ఈ రెంటి నడుమ సర్దుబాటు చేసుకోవలసిందే.

మొవ్వు

పెరుగుదల జరిగే చోటు విభాజ్య కణజాలం. జొన్న మొలకెత్తాక దాదాపు నెల రోజుల పాటు కాండపు పెరుగుదల బిందువు నేల మట్టానికి కిందనే ఉంటుంది. ఆకులు కూడా కొనల దగ్గర కాక మొదళ్ల దగ్గర, చుట్టిన తొడుగుల లోపల పెరుగుతాయి. అందుకే మేక పై ఆకులు మేసినా పైరు తిరిగి లేస్తుంది. ఈ ఏర్పాటును ఓడించేది మొవ్వు ఈగ. లేత ఆకు అడుగున గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు మొవ్వులోకి దిగి పెరుగుదల బిందువును కోసేస్తుంది. మొవ్వు ఎండి, లాగితే ఊడివస్తుంది. అప్పుడు పక్క మొగ్గలు మేల్కొని పిలకలు వస్తాయి. ఆకు అడుగున నూగు ఎక్కువగా ఉన్న రకాల్లో ఈ ఈగ బెడద తక్కువ. బాహ్యచర్మపు కేశాలు ఇక్కడ నీటిని కాక విభాజ్య కణజాలాన్ని కాపాడుతున్నాయన్న మాట.

నీటికి, పెరుగుదలకు ఉన్న సంబంధంలో ఒక విషయాన్ని తరచు విస్మరిస్తారు. విభజన చెందిన కణం పెద్దదవడానికి లోపలి నీటి ఒత్తిడి గోడను నెట్టాలి. నీరు కాస్త తగ్గగానే మొట్టమొదట మందగించేది ఈ విస్తరణే. పత్రరంధ్రాలు మూసుకోవడం, ఆకు చుట్టుకోవడం తరువాతి దశలు. చుట్టుకున్న ఆకులు కనిపించేనాటికి పైరు కొంత పెరుగుదలను అప్పటికే కోల్పోయి ఉంటుంది.

నాము

బెట్టకు గిడసబారిన జొన్న, కోసిన మోళ్ల నుంచి వానకు లేచిన లేత చిగురు పశువుకు విషం కావచ్చు. దీనినే రైతులు నాము అంటారు. ఇందులోని విషమూ ఆకు కణజాలాల అమరికకు సంబంధించినదే.

జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంది. 1902లో డన్‌స్టన్, హెన్రీ దీనిని జొన్న నుంచి వేరుచేశారు. అది బాహ్యచర్మ కణాల రిక్తికల్లో నిల్వ ఉంటుంది. దానిని విడగొట్టే ఎంజైము అక్కడ ఉండదు. లోపలి పత్రాంతర కణాల్లో ఉంటుంది. రెండు గదుల మధ్య గోడలున్నంత కాలం ఏమీ జరగదు. పశువు నమిలినప్పుడు గోడలు పగిలి రెండూ కలుస్తాయి, హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. మొక్క తన విషానికి తానే బలికాకుండా ఉండడానికి ఈ రెండు కణజాలాల ఎడబాటే ఆధారం. ధురిన్ లేత మొక్కల్లో ఎక్కువ, ముదిరినకొద్దీ తక్కువ. మొలక దశలో ఒక్క కాటుకే మొక్క పోవచ్చు కాబట్టి రక్షణ కూడా అప్పుడే ఎక్కువగా ఉంటుంది. బెట్ట, ఎక్కువ నత్రజని ఎరువు దీనిని పెంచుతాయి.

సయనైడ్ కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా ఆపుతుంది. పశువు ఆయాసపడి, నురగ కక్కి, కొద్దిసేపట్లోనే పడిపోవచ్చు. నెమరువేసే జంతువులకు ప్రమాదం మరీ ఎక్కువ. అందుచేత గిడసబారిన లేత జొన్నలోకి, మోళ్ల చిగురులోకి పశువులను, ముఖ్యంగా ఆకలి మీద ఉన్న వాటిని తోలకూడదు. పచ్చిమేతగా వేయాలంటే పూత దశ వచ్చేదాకా ఆగాలి. బాగా ఎండిన చొప్పలో విషం చాలావరకు తగ్గుతుంది. వాడిన పచ్చిమేతలో తగ్గుతుందనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

సంపర్క తరగతిలో పరిశీలన

ముదిరిన జొన్న ఆకు నుంచి పలుచని అడ్డుకోతలు తీయండి. జొన్న దొరకకపోతే మొక్కజొన్న ఆకు వాడవచ్చు, అమరిక ఇదే. పోలికకు వరి ఆకు, గన్నేరు ఆకు తెచ్చుకోండి. గన్నేరు పాలు విషపూరితం కనుక కోసిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మొదట జొన్న కోతను రంగు వేయకుండా నీటిలో ఉంచి చూడండి: పుంజపు తొడుగు దట్టమైన పచ్చని ఉంగరంలా కనిపిస్తుంది. పక్కపక్క పుంజాల తొడుగుల మధ్య ఎన్ని పత్రాంతర కణాలున్నాయో లెక్కపెట్టండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు. వరిలో అదే లెక్క వేసి తేడా రాసుకోండి. తరువాత, మధ్యాహ్నం కోసిన ఆకును ఆల్కహాల్‌లో రంగు పోగొట్టి అయొడిన్ ద్రావణం వేయండి. పిండిపదార్థం జొన్నలో తొడుగు కణాల్లో నల్లబడి కనిపించాలి. వరిలో ఎక్కడ కనిపించిందో పటం గీసి, ఆ తేడాకు కారణం మీ మాటల్లో నాలుగు వాక్యాల్లో రాయండి.